కెజయా టోల్మన్ చదివిన అంకె

"ఇంకా నాలుగున్నాయి పంతులమ్మగారూ," అంది థర్జా, సూది బెజ్జాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని.

"నాలుగైనా నలభైయైనా దారం నోట్లో పెట్టకు."

"పెట్టలేదండీ."

"మరి పెదవికి ఆ నీలిరంగెక్కడిది?"

మిగిలిన నలుగురు పిల్లలూ తలలు ఒళ్ళోకి దించుకుని నవ్వుకున్నారు. ఏడేళ్ళ థర్జా ముంజేత్తో పెదవి తుడుచుకుని పదిహేడో సూది అందుకుంది.

రోజూ ఉదయం ఇరవై సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టాలి. డెబ్భై ఏళ్ళ కెజయా టోల్మన్ కళ్ళు ఒక్క బెజ్జం దగ్గరే మొరాయిస్తాయి. బట్ట దగ్గర వాటికి ఏ ఇబ్బందీ లేదు. గది అవతలి కొసన కూర్చున్న పిల్ల రెండు పోగులు ఎత్తాల్సిన చోట మూడెత్తితే ఇవతల కుర్చీలోంచే తెలిసిపోతుంది. అది చూపుతో తెలుస్తుందో, ఆ పిల్ల మోచెయ్యి కదిలిన తీరుతో తెలుస్తుందో ఆమె ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

మనిషి పొడుగు, సన్నం. బూడిదరంగు ఉన్ని గౌను, గడ్డం కింద ముడివేసిన తెల్లటోపీ. కీళ్ళవాపుతో వేళ్ళ కణుపులు గుండ్రంగా ఉబ్బాయి. ఎడమ చూపుడువేలి కొస మాత్రం నలభై మూడేళ్ళ సూదిపోట్లకి జల్లెడలా గరుకెక్కింది. ఆ వేలు పట్టుగుడ్డకి తగిలితే పోగులు లేచొస్తాయి. అందుకని ప్రార్థన మందిరానికి వెళ్ళేటప్పుడు ఆమె ఎవరి పట్టుబట్టలూ ముట్టుకోదు.

డెన్‌ఫోర్డ్ రేవులో మిసెస్ హాలక్ గారి బాలికల అకాడమీ తెరిచిన ఏడాది కెజయాకి ఇరవై ఏడేళ్ళు. పత్రికలో ప్రకటన వేశారు: ఫ్రెంచి, భూగోళం, సంగీతం నేర్పబడును, సూదిపని కూడా. ఆ చివరి "కూడా" కెజయా. పట్టుదారంతో గొర్రెల మందలూ, సమాధుల మీదికి వంగిన విల్లో చెట్లూ కుట్టించడం మిసెస్ హాలక్ గారి పని. వాటికి బంగారుపూత చట్రాలు కట్టించి హాల్లో వేలాడదీసేవారు. అక్షరాలు, అంకెలు, అంచు మడతలు, మాసికలు, రఫ్ఫు, ఇవన్నీ వెనకగదిలో కెజయా పని. వాటికి చట్రాలుండవు. అవి మంచాల మీదా భోజనం బల్లల మీదా మగవాళ్ళ ఒంటిమీదా ఉంటాయి.

కెజయా ముప్ఫై ఒకటో ఏట, తెరచాపలు కుట్టే రూఫస్ కోల్ ఆమెని పెళ్ళి చేసుకుంటానన్నాడు. పిల్లలు అంకెల్లో ఉన్నారు, వసంతం దాకా ఆగు అంది. అతను ఆగలేదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సివస్తే ఆమె నవ్వుతూనే చెప్పేది. ఇరవై ఆరేళ్ళు పనిచేశాక అకాడమీలో సూదిపని తీసేసి ఆ గంటకి లాటిన్ పెట్టారు. కెజయా తన కుర్చీ తనే మోసుకుని ఇంటికొచ్చింది. మర్నాడు ముందుగదిలో బడి తెరిచింది.

తొమ్మిది దాటాక తలుపు తట్టిన చప్పుడైంది. లోయిస్ హార్మన్. నలభై అయిదేళ్ళ మనిషి, ఆరుగురు పిల్లల తల్లి. అయినా గడప మీద రెండు చేతులూ ముందుకి కట్టుకుని, పిలిస్తేగాని లోపలికి రాని పన్నెండేళ్ళ పిల్లలాగే నిలబడింది. చంకలో దిండుగలేబులో చుట్టిన పలకలాంటిదేదో ఉంది.

"మీతో ఒక మాట, పంతులమ్మగారూ."

"రా. థర్జా, జరుగు. చోటివ్వు."

లోయిస్ కూర్చోలేదు. గొంతు తగ్గించి చెప్పింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల విధవలకి పింఛను ఇస్తామని ఈ వేసవిలో కొత్త చట్టం చేశారు. తండ్రి అమోస్ పెక్ మూడేళ్ళు సైన్యంలో ఉన్నట్టు కాగితాలున్నాయి. కాని పదిహేడు వందల తొంభైనాలుగు జనవరికి ముందే పెళ్ళయినట్టు రుజువు కావాలి. పెళ్ళి చేసిన పాస్టరు ఇల్లు, అందులో పెళ్ళిళ్ళ పుస్తకం ఎప్పుడో కాలిపోయాయి. తారీకులు రాసుకున్న ఇంటి బైబిలు తమ్ముడితో ఒహాయో బయలుదేరి నది దాటుతూ బండితో సహా నీళ్ళలో పోయింది. పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఒక్కరూ బతికి లేరు.

"ఇక మిగిలింది ఇదొక్కటే," అని దిండుగలేబు విప్పింది.

ఇంట్లోవాళ్ళు కట్టించుకున్న నల్లటి సన్నచట్రంలో నారబట్ట, బడిలో కుట్టు నేర్చుకుంటూ కుట్టినది. పైన మూడు వరసల అక్షరాలు. కింద స్ట్రాబెరీ తీగ అంచు మధ్యలో పెక్ కుటుంబం: అమోస్ పెక్, డెలివరెన్స్ షా, వివాహం మార్చి 14. ఆ పక్కన సంవత్సరం. ఒకటి, ఏడు, తొమ్మిది ఉన్నాయి. నాలుగో అంకె ఉండాల్సిన చోట ఖాళీ. దాని కింద వరసలో, లోయిస్, జననం ఆగస్టు 2, 1793. ఆ తర్వాత నలుగురు పిల్లలు. అట్టడుగున, లోయిస్ పెక్ తన పన్నెండో ఏట కుట్టినది.

"నేనొస్తేనే ఆ గుడ్డని సాక్ష్యం కింద తీసుకుంటారా?"

"మేజిస్ట్రేటుగారు అలాగే అన్నారండీ. కుట్టించినవాళ్ళు బతికుంటే తీసుకురమ్మన్నారు."

కెజయా చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీని చాలాసేపు చూసింది. "మీ అమ్మేది?"

"బయటుంది. లోపలికి రానంది."

కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కంచె దగ్గర, నల్ల టోపీ పెట్టుకుని, ఇంటికి వీపు తిప్పి, రేవులో పడవల్ని చూస్తూ నిలబడింది డెలివరెన్స్ పెక్. ముప్ఫై మూడేళ్ళుగా ప్రార్థన మందిరంలో రెండు వరసల ఎడంలో కూర్చుంటున్నా ఆమె కెజయాని పలకరించలేదు. ఎందుకో కెజయాకి తెలుసు. లోయిస్‌కి పెద్దయ్యాక తెలిసి ఉంటుంది.

అప్పుడు పద్దెనిమిది వందల ఐదు, వసంతం. అకాడమీ వెనక తలుపు దగ్గరికి డెలివరెన్స్ చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. లోయిస్ అంతకుముందు రోజే తల్లి చెప్పిందని పెళ్ళి సంవత్సరం 1792 అని కుట్టుకొచ్చింది. తండ్రి రాసిచ్చిన కాగితంలో 1793 అని ఉంది. కెజయా విప్పించి మూడు వేయిస్తోంది.

"రెండే ఉంచు కెజయా," అంది డెలివరెన్స్.

"కాగితంలో మూడుంది."

"ఒక్క అంకె. ఎవరు లెక్కపెట్టొచ్చారు?"

"లెక్కపెట్టేవాళ్ళే లేకపోతే నువ్విక్కడికి ఎందుకొచ్చావు?"

డెలివరెన్స్ మొహం ఎర్రబడింది. "పెళ్ళీ పిల్లలూ లేనిదానివి, నీకేం తెలుస్తుంది?" అని వెళ్ళిపోయింది. కెజయా ఆ మధ్యాహ్నం లోయిస్ పక్కనే కూర్చుని మూడు పూర్తయ్యేదాకా లేవలేదు. ఎందుకు మార్చారని ఆ పిల్ల అడిగితే, మీ నాన్నగారి కాగితంలో అలా ఉంది అని మాత్రం చెప్పింది.

"బడి పదకొండుకి వదుల్తాను," అంది ఇప్పుడు లోయిస్‌తో. "అప్పటిదాకా రాను. మేజిస్ట్రేటుగారికీ అదే చెప్పు."

"ఆయన ఎదురుచూస్తుంటారండీ."

"చూడనీ. ఈ పిల్లకి ఇవాళ ఎడమ మూల తిప్పడం రాకపోతే రేపూ రాదు."

లోయిస్ గుడ్డని కెజయా దగ్గరే వదిలి వెళ్ళింది. కెజయా దాన్ని బల్లమీద బోర్లించి, థర్జా పక్కకి వెళ్ళి మూల తిప్పడం నేర్పింది. రెండుసార్లు విప్పించింది. మూడోసారి కుదిరింది. "ఇది బాగుంది," అంది. ఆమె నోట ఆ మాట వారానికి రెండుసార్లకి మించి రాదు. అందుకే థర్జా చెవులు ఎర్రబడ్డాయి.

పదకొండు దాటాక ముగ్గురూ మెరక మీది కచేరీకి నడిచారు. కెజయా ముందు, చట్రం పట్టుకుని లోయిస్ పక్కన, డెలివరెన్స్ నాలుగడుగులు వెనక. అక్టోబరు గాలి ఉప్పగా, చల్లగా ఉంది. ఎక్కుడు దారిలో కెజయా రెండుసార్లు ఆగింది. రెండోసారి ఎవరిదో కంచె పట్టుకుని, ఊపిరి దానంతటది సర్దుకునేదాకా పడవల కొయ్యలు లెక్కపెడుతూ నిలబడింది. లోయిస్ చెయ్యి అందించబోతే వద్దంది. డెలివరెన్స్ కూడా నాలుగడుగుల దూరంలోనే ఆగింది.

మేజిస్ట్రేటు థర్స్టన్ స్థూలకాయుడు, మెల్లగా మాట్లాడే మనిషి. పక్కన గుమస్తా ఓర్న్, నలభై దాటినవాడు, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ కలం సిరాలో ముంచాడు. ఎలుగుబంటి తోలు వేసిన బల్లల మీద మరో ముగ్గురు నలుగురు తమ పనుల కోసం కూర్చుని ఉన్నారు. ఊళ్ళోవాళ్ళే. డెలివరెన్స్ వాళ్ళని చూసి గోడవైపు జరిగింది.

"పేరు?" అన్నాడు ఓర్న్.

"కెజయా టోల్మన్."

"వయసు?"

"డెబ్భై."

కలం ఆగకుండా తర్వాతి మాట కూడా రాసేసింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నా కెజయా చదివింది. పిల్లల ఒళ్ళోని అక్షరాలు ఎదుటివైపు నుంచి చదవడం ఆమెకి అలవాటే.

"అవివాహిత అని రాశారు."

"కాదాండీ?"

"అది నేను చెయ్యని పని. చేసిన పని రాయండి."

బల్లమీద కూర్చున్న వాళ్ళలో ఒకాయన దగ్గాడు. ఓర్న్ మేజిస్ట్రేటు వైపు చూశాడు.

"కొట్టేసి రాయవయ్యా," అన్నాడు థర్స్టన్. "ఏమని రాయమంటారమ్మా?"

"ఉపాధ్యాయిని. నలభై మూడేళ్ళుగా."

ఓర్న్ రాశాడు. ఆమె బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. లోయిస్ చట్రం మేకులు ఊడదీసి బట్టని బల్లమీద పరిచింది.

"ఇది ఆ రోజుల్లోనే కుట్టిందని, మొన్నీమధ్య కుట్టుకొచ్చింది కాదని ఎలా నమ్మడం?" అన్నాడు ఓర్న్. కాఠిన్యమేమీ లేదు. ఆ ప్రశ్న అడగడం అతని ఉద్యోగం.

కెజయా బట్టని వెనక్కి తిప్పింది. "ముడి ఎక్కడైనా కనిపిస్తోందా చూడండి."

భూతద్దం తీసుకుని అతను వంగాడు. "లేదు."

"దారం కొసలు?"

"కనపడవే."

"నాలుగు కుట్ల కిందనించి పోనిచ్చి ఐదోదాని పక్కన కత్తిరించాలి. కొన్ని బళ్ళల్లో ముడేస్తారు. కొన్నిచోట్ల రెండు కుట్లతో సరిపెడతారు. ఈ తీరంలో నాలుగు నా దగ్గరే. అంచులో ఈ స్ట్రాబెరీ తీగ మూడేళ్ళే నేర్పాను. పద్దెనిమిది వందల మూడు, నాలుగు, ఐదు సంవత్సరాల్లో. తర్వాత మిసెస్ హాలక్ గారు గులాబీలు వేయించమన్నారు."

థర్స్టన్ బల్లకింద తన చొక్కా చేతి అంచుని వేళ్ళతో మెల్లగా తిప్పి చూసుకున్నాడు. ఆ చొక్కా కుట్టిన డోర్కస్, అతని భార్య, పోయి రెండేళ్ళయింది. చాలాసేపు చూశాడు. తర్వాత అంచు సర్దుకుని, "నాలుగే," అన్నాడు. "రాసుకో ఓర్న్."

"సరేనండీ. అసలు కావాల్సిన అంకే లేదు కదా," అన్నాడు ఓర్న్. "పదిహేడు వందల తొంభై ఎంత? తొంభైయ్యేడో, తొంభైతొమ్మిదో ఎందుక్కాకూడదు? పిల్ల ముందు పుట్టి, తర్వాత పెళ్ళి చేసుకున్నవాళ్ళు లోకంలో లేరా?"

గోడదగ్గర డెలివరెన్స్ కదల్లేదు. కెజయా ఆమె వైపు తిరిగింది. పొద్దుటినుంచీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

"నేను చదివితే ఇక్కడున్నవాళ్ళందరూ వింటారు, డెలివరెన్స్."

"నువ్వు ప్రమాణం చేశావుగా. చదువు."

కెజయా బట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తిపట్టింది. పడుగూ పేకా మధ్యలోంచి సముద్రపు తెల్లవెలుగు వచ్చింది. ఖాళీచోట సూది దూరిన కన్నాలు సన్నగా, వరసగా కనిపించాయి. ఓర్న్ పక్కనొచ్చి నిలబడ్డాడు. ఆమె వాచిన వేలి కొసతో ఒక్కొక్క కన్నం చూపిస్తూ చదివింది.

"ఇక్కడ రెండంకెలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. కింద ఈ అడ్డగీత చూశారా, ఎడమ నుంచి కుడిదాకా? అది రెండంకె అడుగు. మూడుకి అడ్డగీత ఉండదు, ఇలా కొక్కెంలా తిరుగుతుంది. రెండూ ఉన్నాయి."

"అయితే ఏది నిజం?"

"నల్లదారానికి ఇనప రంగు. ఏళ్ళ తరబడి ఉన్నచోట బట్టకి ఎర్రమచ్చ పడుతుంది. ఒక్కరోజు ఉండి పోయినచోట పడదు. మచ్చలెక్కడున్నాయో మీరే చూసి చెప్పండి."

ఓర్న్ భూతద్దం దగ్గరగా పెట్టాడు. కొంతసేపటికి, "కొక్కెం దగ్గరున్నాయి," అన్నాడు. అతని గొంతులో ఇందాకటి అనుమానం లేదు. "అడ్డగీత దగ్గర లేవు. మూడు."

థర్స్టన్ కుర్చీలో ముందుకి వంగి కింద వరస మరోసారి చదువుకున్నాడు. మార్చి పద్నాలుగు. ఆగస్టు రెండు. ఆయన మొహంలో అర్థమైనట్టు ఏదో మెదిలింది. గొంతు సవరించుకున్నాడు.

"చూడండమ్మా. చట్టానికి కావాల్సింది తొంభైనాలుగుకి ముందు. రెండైనా, మూడైనా ముందే. రెండు కూడా కుట్టి ఉందని ఈవిడే చెప్పారు కదా. తొంభైరెండు అని రాసుకున్నా వాషింగ్టన్‌లో ఎవరూ అడగరు. అందరికీ మర్యాదగా ఉంటుంది."

దయతో అన్న మాటే. కెజయాకి ఆ దయ తెలుస్తూనే ఉంది. తను ప్రమాణం చేసి నిలబడింది. లేదు, మూడే అని చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళ కిందట వెనక తలుపు దగ్గర చెప్పిందే ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ ముందు చెప్పాలి. నోరు తెరవబోయింది.

"మూడు రాయండి," అంది డెలివరెన్స్.

గోడదగ్గర్నుంచి బల్లదాకా నడిచొచ్చింది.

"తొంభైమూడు, మార్చి పద్నాలుగు. మంచు మోకాళ్ళదాకా ఉంది. నడుం దగ్గర గౌను రెండువేళ్ళ మేర వదులుచేసి తొడుక్కున్నాను. నేనే విప్పుకున్నాను, నేనే కుట్టుకున్నాను. పారిపోదలచుకుంటే అమోస్‌కి రేవులో ఆరోజు రెండు ఓడలు సిద్ధంగా ఉన్నాయి. పోలేదు. మంచులో ఏడు మైళ్ళు నడిచి పాస్టరుని వెంటబెట్టుకొచ్చాడు. నేను ఆ తారీకు దాచినప్పుడల్లా ఆయన నడిచిన నడకే దాచాను. రాయండి."

బల్లలమీద కూర్చున్నవాళ్ళు నేలవైపు చూస్తున్నారు. లోయిస్ దగ్గరికొచ్చి తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఓర్న్ కలం సిరాలో ముంచి, నాలుగో అంకెని మిగతా మూడింటికంటే కొంచెం పెద్దదిగా రాశాడు.

కాగితాలతో పాటు గుడ్డని కూడా వాషింగ్టన్ పంపాలని, తిరిగి వస్తుందో రాదో చెప్పలేనని థర్స్టన్ అన్నాడు. లోయిస్ దాన్ని మరోసారి అరచేత్తో నిమిరి ఇచ్చేసింది. కెజయా వాంగ్మూలం కింద సంతకం చేసింది. ఆరువందల మంది పిల్లల పేర్లు కుట్టించిన మనిషికి తన పేరు రాయడానికి సమయం పట్టింది, వేళ్ళు వంగక. చేశాక అక్షరాల మధ్య ఎడం చూసుకుంది. సమానంగానే ఉంది.

"ఇంకొకటి రాయండి," అంది.

"చెప్పండి," అన్నాడు ఓర్న్.

"వాషింగ్టన్‌లో వాళ్ళని గుడ్డ వెనక్కి తిప్పి చూడమనండి."

అతను నవ్వలేదు. అలాగే రాశాడు.

మధ్యాహ్నం బడికి ఆమె అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నలభై మూడేళ్ళలో అది మూడోసారి. పిల్లలు అప్పటికే కూర్చుని కుడుతున్నారు. కచేరీలో జరిగింది ఆమెకంటే ముందే రేవంతా చేరింది. దిగుడు దారిలో చేపలమ్మే ఆడవాళ్ళు ముగ్గురు పని ఆపి లేచి నిలబడ్డారు. ముగ్గురూ తన బడి పిల్లలే. ఆమె తలూపి, వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచొచ్చింది. కుర్చీలో కూర్చున్నాక గుండెలమీద చెయ్యి వేసుకుని కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత, "ఎవరిదాకా వచ్చాం?" అంది. నాలుగింటిదాకా అంచు మడతలు చెప్పింది.

పిల్లలు వెళ్ళిపోయి, దీపం వెలిగించాలా వద్దా అన్నట్టున్న సంజవేళ, డెలివరెన్స్ వచ్చింది. తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వచ్చి, కప్పిన గుడ్డ తీసి, ఎర్రమట్టి పళ్ళెంలో ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన వేడివేడి తీపి రొట్టె బల్లమీద పెట్టింది.

"చక్కెర తక్కువైంది," అంది.

"కూర్చో."

ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని తిన్నారు.

"ఆ మూడుని విప్పింది నువ్వే కదూ?" అంది కెజయా.

"నేనే. లోయిస్‌ని చూసుకోడానికి హార్మన్ ముసలావిడ వస్తోందన్న రోజు."

"ఒక్క పోగు తెగలేదు. వెనకనించి ఒక్కో కుట్టూ కోసి తీశావు. నా పిల్లలకే అంత బాగా విప్పడం రాదు."

డెలివరెన్స్ చెంచా ఆపింది. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తెలియక ఆమె మొహంలోకి చూసింది. మెచ్చుకోలే.

"ఇంతకీ ముసలావిడ లెక్కపెట్టిందా?"

"ఆవిడకి చదువు రాదే తల్లీ. చట్రం బాగుందంది."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నారు. కెజయా ఊపిరందక పక్కటెముకలు పట్టుకుంది. నవ్వు సద్దుమణిగాక డెలివరెన్స్ పొయ్యిలోకి చూస్తూ అడిగింది.

"ఆరోజు నువ్వు సరేననుంటే నీ సొమ్మేం పోయేది? ఎవరికీ తెలిసేది కాదు."

"లోయిస్‌కి పన్నెండేళ్ళు," అంది కెజయా. "తన పుట్టుక గురించి అబద్ధం తన చేత్తోనే కుట్టమని నేనెలా చెప్పను? దాని వేలికి సూది గుచ్చుకుంటేనే నాకు నిద్రపట్టేది కాదు."

డెలివరెన్స్ పళ్ళెంలో మిగిలిన చివరి ముక్కని కెజయా వైపు నెట్టింది. వెళ్ళేముందు కుర్చీ వెనక నిలబడి, కెజయా టోపీ ముడి వదులైతే బిగించి కట్టింది. "ఆదివారం నా పక్కన కూర్చో. అక్కడ గాలి కొట్టదు," అంది.

ఆమె వెళ్ళాక కెజయా చివరి ముక్క తింది. కెటిల్లో నీళ్ళు వేడిగానే ఉన్నాయి. పళ్ళెం కడిగింది. అంచున మాడిన చక్కెరని గోటితో గీకి మళ్ళీ కడిగి, కిటికీ అరుగుమీద మడతపెట్టిన తువ్వాలు వేసి దానిమీద బోర్లించింది. తర్వాత కాలిజోళ్ళు విప్పి, పొయ్యిలో నిప్పు బూడిదతో కప్పి, కుర్చీలో కూర్చుంది. ఉపాధ్యాయిని, అని ఒకసారి పైకే అనుకుంది. రాసినప్పుడు ఆ మాట ఎలా ఉందో గుర్తుచేసుకుంది.

మర్నాడు ఉదయం, కాగితాలు బోస్టన్ బండిలో వెళ్ళాయని చెప్పడానికి లోయిస్ వచ్చేసరికి అయిదుగురు పిల్లలూ మెట్టుమీద కూర్చుని ఉన్నారు. తలుపు గడియ వెయ్యలేదు. కెజయా కుర్చీలోనే ఉంది. తల కాస్త పక్కకి వాలింది, చేతులు ఒళ్ళో ఉన్నాయి. లోయిస్ ఆ చేతులు పట్టుకుని చూసి, కాసేపు అక్కడే మోకాళ్ళమీద కూర్చుంది. తర్వాత బయటికొచ్చి పిల్లలకి చెప్పింది.

మధ్యాహ్నానికి ముందుగదిలో పదకొండుమంది ఆడవాళ్ళు చేరారు. చేపలు అమ్మేవాళ్ళు ముగ్గురు, ఓడ కెప్టెన్ల భార్యలు ఇద్దరు, మిగతావాళ్ళు రేవులోవాళ్ళు. పంతులమ్మకి తొడగాల్సిన తెల్లబట్ట పిల్లల బల్లలమీద పరిచి చుట్టూ కూర్చున్నారు. ఏ అంచు ఎవరు పట్టుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బట్ట మధ్యకొచ్చేసరికి చేతులన్నీ ఒకే వేగంతో ఆడుతున్నాయి. పొద్దువాలకముందే పూర్తయింది. థర్స్టన్ గారు పంపిన బండి వాకిట్లో ఆగింది. డెన్‌ఫోర్డ్‌లో ఒక ఆడమనిషి వెనక అంతమంది నడవడం అదివరకు ఎవరూ చూడలేదు.

డెలివరెన్స్ అందరికంటే ఆఖర్న గదిలోంచి బయల్దేరింది. కిటికీ దగ్గర ఆగింది, ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అరుగుమీద, నాలుగు మడతల తువ్వాలు మధ్యలో, మరక లేకుండా కడిగిన ఎర్రమట్టి పళ్ళెం బోర్లించినట్టే ఉంది.